వృక్షనామములు – భాషాబాంధవ్యము

ఒక జాతి ఏ చెట్ల నీడను పెరిగినదో దాని భాష తెలుపగలదు. లిథువేనియనుల ‘బెర్జస్’, రష్యనుల ‘బెర్యోజ’, సంస్కృతమునందలి ‘భూర్జము’ – ఈ మూడును ఒకే మూలమునుండి పుట్టిన పేర్లు. కాని స్లావు భాషలలో బీచి చెట్టునకుగల ‘బుక్’ అను పేరు జర్మానిక్ భాషలనుండి తెచ్చుకొన్న యెరువు. కావున ఆ చెట్టు స్లావుల తొలినివాసమున లేదని కొందరు విద్వాంసులు ఊహించిరి.

ఇట్టి పరిశీలన మన భాషయందును చేయదగినది. అందులకు చెన్నపట్టణము తగిన చోటు. 1816లో ఇచ్చట అచ్చయిన క్యాంబెల్ తెలుగు వ్యాకరణమునకు చేర్చిన వ్యాసమున ఎల్లిస్ దొర తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను సరిపోల్చి, ఇవి సంస్కృతజన్యములు కావని చూపెను.

మొదట ‘మాను’ అను మాటనే చూతము. తమిళమున ‘మరం’, కన్నడమున ‘మర’, ప్రాచీనాంధ్రమున ‘మ్రాను’. ‘మరన్’ అను పూర్వరూపమున అచ్చు స్థానము మారి ‘మ్రాను’ ఏర్పడినది. పిమ్మట రేఫము లోపించి ‘మాను’ మిగిలినది. ‘వేప’ యొక్క చుట్టరికము మరింత స్పష్టము: మన ‘వేము’, తమిళుల ‘వేంబు’, కన్నడిగుల ‘బేవు’ ఒక్కటే. 

ఇక చింత. చెన్నపురిలో మన పొరుగువారు దీనిని ‘పుళి’ యందురు. ఆ ధాతువు మనకును కలదు. కాని అది చెట్టున గాక రుచియందు నిలిచినది – పులుపు, పులుసు. అట్లయిన ‘చింత’ బంధువు లెవరు? గోండి భాషయందలి ‘చిత్త’ దీనికి తోబుట్టువు. తెలుగు గోండి, కువి మొదలగు భాషలతో ఒక శాఖకు చెందునని భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1961లో ప్రకటించిన గ్రంథమున నిరూపించిరి. పొరుగుభాషలను మాత్రమే చూచినవారికి ఈ చుట్టరికము కానరాదు.

క్రొత్తగా వచ్చిన చెట్టునకు పేరిడు తీరును గమనింపదగినదే. బ్రెజిల్ దేశమునుండి పోర్చుగీసులు తెచ్చిన చెట్టునకు మనవారు పరభాషాపదమును గైకొనక, తామెరిగిన జీడిని, మామిడిని జతపరచి ‘జీడిమామిడి’ యనిరి.

కావున చెట్టుపేరు వ్రాతకెక్కని చరిత్రకు సాక్షి. పట్టణములలో పెరుగు మన పిల్లలు అన్నిటిని ‘చెట్టు’ అని మాత్రమే యనుచుండిన, సాక్షులు ఒక్కొక్కరుగా మరలిపోవుదురు. పల్లెలయందును అడవులయందును పెద్దల నోట నిలిచియున్న పేర్లను, ప్రాంతభేదములతో సహా, ఇప్పుడే వ్రాసియుంచుట మన విధి.