తట్ట నుండి తాపీ వరకు

కృష్ణా డెల్టాలో, దివిసీమ చెంత, ఘంటసాల అనే గ్రామం ఉన్నది. ప్రాచీన శాసనాలలోని కంటకసేల ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. క్రీ.శ. మూడవ శతాబ్దంలో బోధిసిరి అనే ఉపాసిక ఇక్కడి మహాచైత్యపు తూర్పు ద్వారం వద్ద రాతిమండపం కట్టించినట్లు నాగార్జునకొండ శాసనం తెలుపుతున్నది. కట్టించిన స్త్రీ పేరు నేటికీ నిలిచింది. ఆ మండపానికి మట్టి, రాళ్లు మోసిన వారి పేర్లు మాత్రం ఏ శాసనానికీ ఎక్కలేదు. నేటి నిర్మాణరంగంలోనూ శ్రామిక స్త్రీ స్థితి ఇంచుమించు ఇటువంటిదే.

నిర్మాణరంగంలో స్త్రీలు లేరనడం సరికాదు. మచిలీపట్నంలో గాని, గుడివాడలో గాని ఇల్లు కడుతున్న చోట ఒక్క పూట నిలబడి చూస్తే ఈ సంగతి బోధపడుతుంది. పునాది మట్టి ఎత్తడం, ఇసుక జల్లించడం, ఇటుకలు మోయడం, మాలు అందించడం స్త్రీల వంతు. తాపీ, తూకపుగుండు, రసమట్టం పట్టడం పురుషుల వంతు. కూలీగా చేరిన యువకుడు కొన్నేళ్లకు మేస్త్రి అవుతాడు. అతని పక్కనే తట్ట మోసిన స్త్రీ ఇరవై ఏళ్ల తరువాత కూడా తట్టే మోస్తూ ఉంటుంది.

స్త్రీకి బలం చాలదనే వాదన ఇక్కడ నిలువదు. బరువు మోసే పని ఆమెదే కదా! తాపీపనికి కావలసినది కండబలం కన్న కంటిచూపు, చేతినేర్పు. అసలు లోపం శిక్షణలో ఉన్నది. మేస్త్రి తన విద్యను కొడుకుకో, మేనల్లుడికో నేర్పుతాడు గాని కూలికి వచ్చిన స్త్రీకి నేర్పడు. పసిబిడ్డను ఉంచే చోటు, మరుగుదొడ్డి లేకపోవడం ఆమెకు అదనపు అవరోధాలు.

ఆమె చేసే పని తేలికైనదని, నైపుణ్యం అక్కరలేనిదని భావించడం మరొక పొరపాటు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో వేలాది ప్రాణాలను బలిగొన్నది. గోడ గట్టిగా నిలవడం ఇక్కడ ప్రాణంతో ముడిపడిన విషయం. సిమెంటు కట్టడానికి తగినన్ని రోజులు నీళ్లు పట్టకపోతే అది బలహీనపడుతుంది. ఆ నీళ్లు పట్టేది చాలాచోట్ల స్త్రీయే.

సమాన వేతన చట్టం 1976లో వచ్చింది. యాభైమందికి మించి స్త్రీలు పనిచేసే చోట శిశుసంరక్షణ గది ఉండాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం నిర్దేశించింది. 2025 నవంబరు 21 నుండి వీటి స్థానంలో కొత్త కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. వేతనంలో లింగవివక్ష కూడదన్న నియమం వాటిలోనూ ఉన్నది. అయితే సమానమైన పనికే సమాన వేతనం. ‘ఆడవారి పని’, ‘మగవారి పని’ అని ముందే విడదీసిన చోట ఆ నియమానికి పట్టు దొరకదు. కనుక వేతన సమానత్వానికి తొలిమెట్టు నైపుణ్యమే.

ఈ అవసరం నేడు మరింత పెరిగింది. 2023లో గుడివాడ సమీపాన మల్లాయపాలెంలో 8,912 ఇళ్ల సముదాయం ప్రారంభమైంది. ఇటువంటి భారీ నిర్మాణాలలో కాంక్రీటు కలపడం, పైకి చేర్చడం యంత్రాల పని అవుతున్నది. మోయడం ఒక్కటే నేర్చిన వారికి యంత్రం వచ్చిన నాడు ఉపాధి కరువవుతుంది.

మార్గాలు లేకపోలేదు. అహమ్మదాబాదులో ‘సేవ’ సంస్థ 2003లో నిర్మాణ కార్మికుల కోసం ‘కార్మిక’ అనే శిక్షణ పాఠశాలను నెలకొల్పింది. జార్ఖండ్‌లో స్వచ్ఛభారత్ కార్యక్రమంలో మరుగుదొడ్లు కట్టిన గ్రామీణ స్త్రీలు ‘రాణి మేస్త్రీలు’గా పేరు పొందారు. ఇంజనీరింగు రంగంలో మన ప్రకాశం జిల్లాకు చెందిన ఆచార్య జి. మాధవీలత ఆదర్శప్రాయురాలు. కాకినాడలో సివిల్ ఇంజనీరింగు చదివిన ఆమె, 2025 జూన్‌లో ప్రారంభమైన, 359 మీటర్ల ఎత్తుగల చీనాబ్ రైలువంతెన నిర్మాణానికి సుమారు పదిహేడేళ్లు సాంకేతిక సలహాదారుగా పనిచేశారు.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు ఇంజనీర్లు, గుత్తేదారులు కావచ్చు. చాలామంది ఎప్పుడో ఒకప్పుడు సొంత ఇల్లు కట్టుకుంటారు. ఆనాడు తట్ట మోస్తున్న స్త్రీని చూసినప్పుడు, ఆమె చేతికి తాపీ ఎందుకు అందలేదని ఒక్కసారి ప్రశ్నించండి. ఆ ప్రశ్న వేయడమే మార్పుకు పునాదిరాయి.