నరం లేని నాలికని ఎవరన్నారు?

మొన్న కోతలప్పుడు మిరపకాయలు ఆరబోసిన కళ్లాం కాడ కూర్చోనున్నా. మేనల్లుడి వరసయ్యే పిల్లోడొకడు వచ్చి ఫోన్ నా మొహం ముందు పెట్టాడు. "మావా, ఇది చూడు" అన్నాడు. అందులో ఒక కుర్రోడు నాలిక బయట పెట్టి రెండు కొసల్ని వేరేవేరేగా ఆడిస్తన్నాడు. అచ్చం పాము నాలికే.

"ముందు గుంటూరులో నాలిక్కి పుల్ల గుచ్చించుకుంటా. బాగుంటే ఆనక ఇట్టా చీల్పించుకుంటా" అన్నాడు. వాడికి 19 ఏళ్లు. మిరప యార్డులో టిక్కీలు మోస్తాడు. తిరనాళ్ల వస్తే ప్రభ ఎక్కి మైకు పట్టుకుంటాడు. వాడి గొంతంటే చుట్టుపక్కల నాలుగూళ్లకి ఇష్టం.

పక్కన తాలుకాయలు ఏరుతున్న వాళ్లమ్మ చెయ్యాపి, "ఇదేం పిచ్చన్నా, నువ్వన్నా గడ్డి పెట్టు" అంది. నేను గడ్డి పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో, వాడికేం చెప్పానో ఇక్కడ రాస్తన్నా. ఇట్టాంటి ఆలోచనున్నోళ్లు వాడొక్కడే కాదని నాకు తెలుసు.

మనకి కొత్తేం కాదు

ఇది తెల్లోళ్ల పిచ్చి, ఇన్‌స్టా పిచ్చి అంటన్నారు పెద్దోళ్లు. కాదు. నా చిన్నప్పుడు వీరభద్రుడి సంబరంలో డోళ్లు మోగుతుంటే, "శరభ శరభ" అని అరుస్తా మా పెదనాన్న నాలిక్కి నారసం గుచ్చుకుని ఊరేగడం నేను కళ్లారా చూశా. జనం దణ్ణాలు పెట్టారు. ఎవరూ పిచ్చనలేదు.

ఇంకా ఎనక్కి పోదాం. మన కొండవీడు నుంచి ఏలిన అనవేమారెడ్డి 1378 ప్రాంతంలో శ్రీశైలం గుళ్లో ఒక మండపం కట్టించాడు. పేరు వీరశిరోమండపం. కొంగు వీరులనే భక్తులు అక్కడ తలలూ నాలికలూ కోసి దేవుడికి ఇచ్చేవాళ్లని శాసనమే చెప్తది. మలేసియాలో బతు గుహల కాడ తైపూసం పండక్కి తమిళ సోదరులు నాలికల్లో, బుగ్గల్లో వేలాయుధాలు గుచ్చుకుంటారు. మెక్సికోలో మాయా జనం 1,300 ఏళ్ల కిందట చెక్కిన రాతి మీద ఒక రాణి నాలిక్కి బెజ్జం పెట్టి ముళ్లతాడు లాగుతుంటది. ఆ రాయి ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

కాబట్టి దేవుడి పేరుతో గుచ్చుకుంటే భక్తి, సోకుకి గుచ్చుకుంటే పిచ్చి అనే రెండు నాల్కల మాట నేననను. అట్టాగని పెదనాన్న చేశాడు కాబట్టి మంచిదని కూడా అనను. ఆ రోజు ఒకే నారసం నలుగురి నాలికల్లోకి పోయింది. మధ్యలో విభూతి రాశారు, అంతే. ఎయిడ్స్ మన రెండు జిల్లాల్లో ఎన్ని ఇళ్లు ఖాళీ చేసిందో చూసినోళ్లం. ఒకే సూది ఇద్దరికి వాడటమంటే ఏందో మనకి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

నా సంగతీ చెప్తా. 17 ఏళ్లప్పుడు తిరనాళ్లలో చేతి మీద పచ్చబొట్టు పొడిపించుకున్నా. నా ముందు పది మంది, నా ఎనక పది మంది, అందరికీ అదే సూది, అదే గిన్నె. చాలా ఏళ్ల తర్వాత రక్తదానానికి పోతే హెపటైటిస్ బి ఉందన్నారు. ఆ సూది వల్లే వచ్చిందని రుజువు చెయ్యలేను. కానీ ఇప్పటికీ ఆర్నెల్లకోసారి లివర్ పరీక్షలకి పోతన్నా, పోయినప్పుడల్లా ఆ గిన్నె గుర్తొస్తది. ఆ క్రిమి ఎండిన రక్తంలో కూడా వారం దాకా బతికే ఉంటది. స్పిరిట్‌తో తుడిస్తే, వేణ్ణీళ్లలో ముంచితే సరిపోదు.

గుచ్చడం వేరు, చీల్చడం వేరు

నరం లేని నాలిక అని మనోళ్లు సామెతగా అంటారు. అది మాట మార్చేవాళ్ల గురించి. అసలు నాలికలో ఉన్నన్ని నరాలు శరీరంలో చాలా చోట్ల ఉండవు. రుచికి, స్పర్శకి, కదలడానికి వేరేవేరే నరాలున్నాయి. రెండు పక్కలా రెండు ధమనులు పోతాయి. నట్టనడిమి గీత ఎంబడి రక్తం కొంచెం తక్కువ. తెలిసినోడు గుచ్చితే ఆ గీత మీదే గుచ్చుతాడు. తెలియనోడు పక్కకి పోతే ధమని తెగుద్ది.

సరిగ్గా గుచ్చినా నాలుగైదు రోజులు నాలిక వాచుద్ది. అందుకే మొదట పొడుగు పుల్ల పెట్టి, వాపు తగ్గాక పొట్టిది మార్చాలి. మొదలే పొట్టిది పెడితే అది కండలో కూరుకుపోయిద్ది. మానడానికి నెల పైనే పట్టుద్ది. మానాక కూడా ఆ లోహపు గుండు పళ్లకి తగిలి తగిలి అంచులు విరుగుతాయి, కింది పళ్ల చిగురు కిందికి దిగిపోయిద్ది. ఒక్కోసారి నాలిక కింద చీము పట్టి మెడ దాకా పాకి ఊపిరి గొట్టం మూసుకుపోయిద్ది. దీన్ని డాక్టర్లు లుడ్విగ్ యాంజైనా అంటారు. అప్పుడు గంటలే లెక్క. మాచర్ల అవతలి తండాకో, కనిగిరి అవతలి పల్లెకో 108 వచ్చేదెప్పుడు, గుంటూరో ఒంగోలో చేరేదెప్పుడు? ఇక గుండె కవాటాల్లో లోపమున్నోళ్లకి నోట్లో క్రిమి రక్తంలో కలిసి గుండెకి పట్టుద్ది. చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చినోళ్లు ఈ మాట గట్టిగా గుర్తు పెట్టుకోండి.

అయినా గుచ్చిన పుల్ల తీసేస్తే బెజ్జం చాలావరకు పూడుద్ది. చీల్చితే అట్టా కాదు. అది కొస నుంచి మధ్య ఎంబడి కండని కోసి, రెండు అంచుల్నీ విడివిడిగా కుట్టే ఆపరేషన్. మత్తు కావాలి, రక్తం ఆపడం తెలియాలి, పొరపాటైతే ఊపిరి నిలపగలగాలి. మళ్లీ కలిపి కుట్టొచ్చు, కానీ అది ఇంకో ఆపరేషన్, మచ్చ ఉంటది, నాలిక ముందులా తిరుగుద్దని హామీ లేదు. కొందరికి స, శ, ర పలకడం మారిపోయిద్ది. అమెరికా దంతవైద్యుల సంఘం గుచ్చడాన్నీ వద్దంటది, చీల్చడాన్నీ వద్దంటది.

మన పన్ల మధ్య ఆ పుండు

రీల్సులో చూపించేది మానిన నాలికని. పచ్చిపుండు నాలికతో వారం ఎట్టా గడిచిందో ఎవరూ చూపించరు. మన పన్లు ఎట్టాంటివి? యార్డులో అడుగు పెడితే మిరప ఘాటుకి మామూలోడికే దగ్గొచ్చుద్ది. ఆ దుమ్ము పచ్చిపుండు మీద పడితే? పత్తిచేలో మందు కొట్టేటప్పుడు నాజిల్ మూసుకుపోతే మనోళ్లు ఏం చేస్తారు? నోటితో ఊదుతారు. అసలే చెయ్యకూడని పని, ఇక కోసిన నోటితో ఊదితే పురుగుమందు నేరుగా రక్తంలోకి. నాలుగు రోజులు గొడ్డుకారం, పచ్చడి, ఖైనీ, మందు మానతావా? కూలి మానతావా? సిటీలో ఏసీ గదిలో కూర్చునేవాడికి వారం సెలవుంటది. మనకి సెలవంటే ఆ వారం కూలి పోయినట్టే.

చట్టం ఏమంటది

2024 డిసెంబర్‌లో తమిళనాడు తిరుచ్చిలో ఒక టాటూ దుకాణం ఓనరునీ, అతని దగ్గర పని చేసేవాణ్నీ పోలీసులు అరెస్ట్ చేశారు, దుకాణానికి సీలు పడింది. ఆ ఓనరు తన నాలిక ముంబైలో చీల్పించుకుని వచ్చి, వైద్యం చదవకుండానే కుర్రోళ్ల నాలికలు చీల్చి వీడియోలు ఇన్‌స్టాలో పెట్టాడు. లైకులు తెచ్చిన ఆ వీడియోలే అతన్ని పట్టించాయి.

"నేనే ఒప్పుకున్నా కదా, సంతకం పెట్టా కదా" అంటారు. 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత 25వ సెక్షన్ చదవండి. 18 దాటినోడు ఒప్పుకుంటే కొన్ని దెబ్బలకి తప్పుండదు గానీ, ప్రాణం పోయేదానికీ తీవ్రగాయానికీ ఆ ఒప్పుదల పనికిరాదు. ఒక అవయవం శక్తి శాశ్వతంగా దెబ్బతింటే అది తీవ్రగాయమని 116వ సెక్షన్ చెప్తది. ఇంగ్లండులో పైకోర్టు కూడా 2018లో ఇదే మాటంది. నాలిక చీల్చిన టాటూ దుకాణదారుడికి కస్టమర్ల ఒప్పుదల రక్షణ కాదంది.

నేను చెప్పేది

తమ్ముడూ, చెల్లీ, నీ ఒళ్లు నీది. పెళ్లి, పేరు, బట్ట, జుట్టు అన్నీ ఊరే తేల్చే చోట "నా ఒంటి మీద ఇదొక్కటి నేను తేల్చుకుంటా" అనే కోరిక నాకు అర్థమయిద్ది. ఆ కోరికని ఎక్కిరించే పెద్దోళ్ల పక్కన నేను నిలబడను. నిన్ను తిడితే నువ్వు మానవు, చాటుగా పోయి చౌకగా చేసేవాడి చేతిలో పడతావు. అది అన్నిటికన్నా ప్రమాదం.

చీల్పించుకోడం మాత్రం టాటూ దుకాణంలో వద్దే వద్దు. గుచ్చించుకోవాలనే ఉంటే 18 దాటాకే పో. ముందు హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పూర్తి చెయ్, ఆర్నెల్లు పట్టుద్ది. ఆ ఆర్నెల్లలో కోరిక నిలుస్తదో పోయిద్దో కూడా తేలుద్ది. షుగరున్నా, గుండె జబ్బున్నా డాక్టర్ని అడగకుండా పోమాక. దుకాణంలో కూర్చునే ముందు అడుగు: సూది నా ముందే కొత్త ప్యాకెట్ చించుతావా? పనిముట్లు ఆటోక్లేవ్‌లో పెడతావా, ఆ మిషనేదీ? పుల్ల ఏ లోహం? వాపు తగ్గాక పొట్టిది ఎప్పుడు మారుస్తావ్? రక్తం ఆగకపోతే ఏం చేస్తావ్? ఒక్కదానికి నీళ్లు నమిలినా లేచి వచ్చెయ్. గుచ్చాక ఊపిరాడకపోయినా, నాలిక కింద గట్టిపడినా, జ్వరం వచ్చినా ఇంట్లో తిడతారని దాచిపెట్టమాక, పెద్దాసుపత్రికి పో.

మా పిల్లోడితో కూడా ఇదే చెప్పా. చివర్లో ఒక్కటే అడిగా: "రేపు ప్రభ ఎక్కినప్పుడు నీ గొంతు ఇట్టాగే పలకాలా, వద్దా?" వాడేం మాట్లాడలేదు. వారం తర్వాత ఫోన్ చేసి, "మావా, టీకా మొదటి డోసు వేయించుకున్నా" అన్నాడు. పుల్ల సంగతి నేనడగలేదు, వాడూ చెప్పలేదు. నాలిక వాడిది. తెలిసి తేల్చుకుంటే చాలు.