మనోరోగుల బరువు: మందు ఆపకుండా అదుపు చేద్దాం

స్కిజోఫ్రీనియా, బైపోలార్ వంటి తీవ్రమైన మానసిక జబ్బులున్న పేదల మందులకు మన దాతలు చేస్తున్న సాయం చాలా విలువైనది. ఆ మాత్రలతో భ్రమలు, భయాలు తగ్గి మనిషి మళ్లీ నలుగురిలో కూర్చోగలుగుతాడు. అయితే కొన్ని నెలల్లోనే ఒళ్లు వచ్చేస్తుంది. "తిని పడుకోవడమే పని" అని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. ఆడపిల్లయితే సంబంధాలు రావని దిగులుపడతారు. చివరికి మాత్రలు ఆపేస్తారు. జబ్బు తిరగబెడుతుంది. అంతవరకూ చేసిన సాయం వృథా అవుతుంది.

ఎందుకు పెరుగుతుంది?

ఇది సోమరితనం కాదు. కొన్ని మందులు మెదడులో ఆకలిని పెంచి, కడుపు నిండిన తృప్తిని తగ్గిస్తాయి. ఒలాంజపిన్, క్లోజపిన్‌లతో బరువు ఎక్కువగా పెరుగుతుంది. రిస్పెరిడోన్, క్వెటియాపిన్‌లతో ఒక మోస్తరుగా, అరిపిప్రజోల్‌తో తక్కువగా పెరుగుతుంది. మగతవల్ల కదలిక తగ్గుతుంది. నోరు ఎండిపోయి కూల్‌డ్రింకులు, తీపి చాయ్ అలవాటవుతాయి. కడుపులో మూడోవంతే భోజనానికి ఉంచమన్న ప్రవక్త (స) బోధన మనందరికీ తెలిసిందే. కానీ మందు రగిల్చిన ఆకలికి ఉపదేశం ఒక్కటే చాలదు, తోడు కావాలి.

తీవ్ర మానసిక రోగులు ఇతరులకంటే 10 నుంచి 20 ఏళ్లు ముందే మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వీటిలో ఎక్కువ మరణాలకు కారణం నివారించగల శారీరక వ్యాధులే.

ఏం చేయాలి?

మందు మొదలుపెట్టేముందే బరువు, నడుము కొలత, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూసి రాసుకోవాలి. మొదటి ఆరు వారాలు వారానికోసారి బరువు తూచాలి. మూడు నెలలకు రక్తపరీక్షలు మళ్లీ చేయించాలి, ఆ తర్వాత కనీసం ఏడాదికోసారి. నడుము మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే జాగ్రత్తపడాలి. 60 కిలోల మనిషి 3 కిలోలు పెరిగినా డాక్టరుకు చెప్పాలి. డాక్టరు మందు మార్చవచ్చు, మెట్‌ఫార్మిన్ జోడించవచ్చు. క్లోజపిన్ మాత్రం వేరే మందులు పనిచేయనప్పుడు ఇచ్చేది కనుక మార్చడం అన్నిసార్లూ కుదరదు. సొంతంగా ఏదీ ఆపకూడదు.

ఇంట్లో రోగికి వేరే కంచం పెట్టకుండా అందరూ నూనె, తీపి తగ్గించాలి. దాహానికి మంచినీళ్లే అందుబాటులో ఉంచాలి. మసీదుకు బండి మీద కాకుండా తోడుండి నడిపించుకువెళ్లినా మేలే. రంజాన్‌కు ముందే డాక్టరును అడిగి మాత్రల వేళలు సరిచూసుకోవాలి. లిథియం వాడేవారికి ఒంట్లో నీరు తగ్గడం ప్రమాదం. రోగులకు ఉపవాసం నుంచి మినహాయింపు ఖురాన్‌లోనే ఉంది.

దాతలకు మనవి

జకాత్‌కు అర్హులైన కుటుంబాలకు మందులు కొనిచ్చేటప్పుడు రక్తపరీక్షల ఖర్చు కూడా కలపండి. బస్తీకొక తూకం మిషన్ ఇప్పించండి. ఈ ఇళ్లకు పంపే రంజాన్ రేషన్ కిట్‌లో చక్కెర, మైదా, నూనె తగ్గించి పప్పులు, శనగలు పెంచండి. సలహా కావాల్సినవారికి టెలీ మానస్ ఉచిత నంబరు 14416 చెప్పండి. రోగిని ఎగతాళి చేసేవారిని వారించడం కూడా సదఖాయే.

అల్లాహ్ రోగులందరికీ స్వస్థతను, మనకు వారి పట్ల ఓర్పును ప్రసాదించుగాక. ఆమీన్.