జోలార్పేట పెరట్లో అమెరికా తొలి చరిత్ర: అపోహలు – వాస్తవాలు

జోలార్పేట, వేలూరు, గుడియాత్తం వైపు తెలుగిళ్లకు ఎండాకాలం సెలవుల్లో అమెరికా నుంచి మనవళ్లు, మనవరాళ్లు వస్తుంటారు. వాళ్లలో బడికి పోకుండా ఇంట్లోనే చదువుకునే పిల్లలూ ఉంటారు. అక్కడ అన్ని రాష్ట్రాల్లోనూ అది చట్టబద్ధమే. వాళ్లతోపాటు వాళ్ల పాఠాలూ వస్తాయి: కత్తిరించి, అతికించి, నాటి నేర్చుకునే అమెరికా తొలి చరిత్ర. అది పరాయి పాఠమని అవ్వాతాతలు పక్కకు తప్పుకుంటారు. తప్పుకోవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆ పాఠానికి కావలసిన సరంజామా సగం మన వంటింట్లోనే ఉంది. అయితే ఒక జాగ్రత్త అవసరం. చేత్తో చేసిన పని పిల్లలు మరిచిపోరు. తప్పుగా చేయిస్తే ఆ తప్పూ అలాగే నిలిచిపోతుంది.

అపోహ: అమెరికా చరిత్ర చెప్పాలంటే అక్కడి నుంచే సామాను రావాలి.

వాస్తవం: సంగటిలోకి నూరుకునే శనక్కాయ పచ్చడి చాలు. శనక్కాయ పుట్టిల్లు దక్షిణ అమెరికా, మిరపది మెక్సికో ప్రాంతం. 1492లో కొలంబస్ అట్లాంటిక్ దాటిన తర్వాతే ఇవి ఆ ఖండాలను వదిలి బయటికొచ్చాయి. మిరపను మన తీరాలకు తెచ్చింది పోర్చుగీసువాళ్లు. టమాటా, బంగాళాదుంప, జామ, బొప్పాయి, జీడిమామిడి కూడా అమెరికా ఖండాలవే. పచ్చడి నూరే ముందు దినుసులన్నీ పళ్లెంలో విడివిడిగా పెట్టి, అమెరికా నుంచి వచ్చినవాటిని పక్కకు తీయమనండి. శనక్కాయలు, ఎండుమిరపకాయలు పోతే చింతపండు, వెల్లుల్లి, ఉప్పు మిగులుతాయి. ‘మరి అప్పట్లో కారానికి ఏం వేసేవాళ్లు అవ్వా?’ అని అడక్క మానరు. నాలుగు మిరియాల గింజలు చేతిలో పెట్టి కొరకమనండి. ఆ మిరియాల దేశానికి దారి వెతుక్కుంటూ బయల్దేరినవాడే కొలంబస్ అని అప్పుడు చెబితే ఇట్టే తలకెక్కుతుంది.

సంక్రాంతికి గొబ్బెమ్మ మీద గుచ్చే గుమ్మడి పువ్వు కూడా అమెరికా నుంచి వచ్చిన మొక్కదే. బూడిదగుమ్మడి మాత్రం ఆసియాదే. ఈ మాట చెప్పినంత మాత్రాన పండగ మనది కాకుండా పోదు. కొత్త విత్తనం చేతికందితే మన రైతు దాన్ని ఎంతగా సొంతం చేసుకున్నాడో పిల్లలకు తెలుస్తుంది.

అపోహ: కాగితంతో ఈకల కిరీటం చేసి, దుప్పటితో గుడారం కడితే అక్కడి ఆదివాసుల పాఠం అయిపోయినట్టే.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. 1620లో మేఫ్లవర్ ఓడలో వచ్చిన ఇంగ్లీషువాళ్లు ప్లిమత్‌లో స్థిరపడినప్పుడు ఆ నేల వాంపనోవాగ్ ప్రజలది. నడుం దాకా వేలాడే ఈకల కిరీటాలు, తోలు గుడారాలు వాళ్లవి కావు, పడమటి మైదానాల తెగలవి. వాంపనోవాగ్‌ల ఇంటిని వెటు అంటారు. వంచిన కర్రల మీద చెట్టు బెరడో, జమ్ము చాపలో కప్పిన గుండ్రటి గుడిసె అది. కొబ్బరి ఈనెలు వంచి మట్టిముద్దలో గుచ్చి, పాత చాప ముక్క కప్పితే అరగంటలో చిన్న వెటు తయారవుతుంది.

1621లో కోతలయ్యాక ప్లిమత్‌లో మూడు రోజులు విందు జరిగింది. వాంపనోవాగ్‌లు దాదాపు 90 మంది వచ్చారు, అయిదు జింకలను తెచ్చారు. ఆ విందే అప్పట్నుంచీ ఏటేటా సాగుతోందనుకోవడం తప్పు. ఆ విందు పేరున జరిపే థ్యాంక్స్‌గివింగ్ దేశమంతటా ఏటా జరుపుకునే పండగగా స్థిరపడింది 1863లో అధ్యక్షుడు లింకన్ ప్రకటన తర్వాతే. ఆ విందుకు కొన్నేళ్ల ముందే ఐరోపా ఓడల వెంట వచ్చిన జబ్బులకు అక్కడ ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. విందుకు వచ్చిన నాయకుడు మాసాసాయిట్ కొడుకు కాలానికల్లా, 1675లో, ఇరుపక్షాల మధ్య ఘోరమైన యుద్ధం మొదలైంది. చిన్నపిల్లలకు ఇవన్నీ ఎందుకంటారు కొందరు. నేను ఒప్పుకోను. మెత్తగా చెప్పాలి గానీ దాచకూడదు. విందు ఒక్కటే చెప్పి ఊరుకుంటే అది చరిత్ర కాదు.

అపోహ: బోస్టన్ రేవులో పారబోసింది మన దేశపు టీ.

వాస్తవం: ఇంగ్లీషువాళ్ల పన్నుకు నిరసనగా అమెరికా వలసవాసులు పారబోయగా 1773 డిసెంబరు 16న నీళ్లపాలైన 342 పెట్టెల టీ అంతా చైనాది. ఈస్టిండియా కంపెనీ పేరు వినగానే మన సరుకే అనుకుంటాం. అస్సాంలో టీ తోటల పెంపకం మొదలైంది 1830ల్లో. టీ డికాక్షన్‌లో తెల్లకాగితం ముంచి ఆరబెట్టి, పాతకాలపు ఉత్తరం రాయించడం మంచి పనే. అందులో ‘ఇండియా టీ’ అని మాత్రం రాయించకండి.

అపోహ: అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికీ మన ఊళ్లకూ ఏ సంబంధమూ లేదు.

వాస్తవం: 1781 అక్టోబరు 19న యార్క్‌టౌన్‌లో అమెరికా సేనాని జార్జ్ వాషింగ్టన్‌కు లొంగిపోయిన ఇంగ్లీషు సైన్యానికి సేనాని లార్డ్ కార్న్‌వాలిస్. పదేళ్లు తిరక్కుండానే, 1791 ఫిబ్రవరిలో, గవర్నర్ జనరల్ హోదాలో అతనే వేలూరు మీదుగా టిప్పు సుల్తాను పైకి సైన్యాన్ని నడిపాడు. ఆంబూరు దారిన వస్తున్నట్టు భ్రమ కల్పించి, ఉత్తరానికి మళ్లి మొగిలి కనుమ ఎక్కి బెంగళూరు మీదికి పోయాడు. చిత్తూరు నుంచి పలమనేరు బస్సెక్కినవాళ్లకు తెలిసిన మొగిలి ఘాటే అది. నేల మీద ముగ్గుపిండితో వేలూరు, ఆంబూరు, చిత్తూరు, మొగిలి, పలమనేరు గుర్తులు పెట్టించి, చింతగింజల సైన్యాన్ని నడిపించమనండి. సముద్రానికి అటువైపు కూడా మన కబురు చేరింది. 1782లో ఫిలడెల్ఫియా వాళ్లు ఇంగ్లీషువాళ్ల మీద పోరుకు దింపిన ఒక నౌక పేరు ‘హైదర్ అలీ’. అప్పటికి టిప్పు తండ్రి హైదర్ ఇక్కడ అదే ఇంగ్లీషువాళ్లతో యుద్ధంలో ఉన్నాడు.

అపోహ: చిన్నప్పుడు వాషింగ్టన్ చెర్రీ చెట్టు నరికి, తండ్రి ముందు నిజం ఒప్పుకున్నాడు.

వాస్తవం: వీమ్స్ అనే రచయిత తన పుస్తకంలో చేర్చిన కథ అది. దానికి ఆధారం లేదు. అది అచ్చులోకి వచ్చిన సంవత్సరం 1806. అదే ఏడాది జూలై 10న వేలూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. బొట్టు, గడ్డం, చెవిపోగులు వద్దని, కొత్త రకం తలపాగా పెట్టుకోవాలని ఇచ్చిన ఉత్తర్వులు వాళ్లను రగిలించాయి. పిల్లలను కోటకు తీసుకెళ్లి కందకం గట్టున నిలబెట్టి ఈ నిజమైన కథ చెప్పండి.

అపోహ: మన దేశంలో పిల్లలను ఇంట్లో చదివించడం నేరం.

వాస్తవం: 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది. చేర్చనివాళ్లకు అందులో శిక్ష రాయలేదు. ఇంటి చదువుకు స్పష్టమైన అనుమతీ రాయలేదు. 14 ఏళ్లు నిండితే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా పదో తరగతి పరీక్ష రాయొచ్చు. ఇక్కడుండే పిల్లలను మాత్రం బడి మాన్పించవద్దనే నేనంటాను. ఈ పనులకు ఆదివారాలు చాలు. బడిలో తమిళం చదివే పిల్లలకు ఆ పూట తెలుగు రాయడమూ అలవాటవుతుంది.

ఆడి నెలలో వాన పడగానే పెరట్లో ఒక గజం నేల పిల్లలకు వదిలేయండి. మొక్కజొన్న, బీన్స్, గుమ్మడి మూడూ కలిపి వేయించండి. అమెరికా ఆదివాసులు వీటిని ముగ్గురు అక్కచెల్లెళ్లు అంటారు. మొక్కజొన్న బీన్స్ తీగకు ఊతమిస్తుంది, బీన్స్ వేళ్లు నేలకు నత్రజని ఇస్తాయి, గుమ్మడి ఆకు తేమ ఆరకుండా కాపాడుతుంది. మొక్కజొన్న జానెడు ఎదిగాకే బీన్స్ గింజ వేయించండి. తొందరపడితే తీగ బరువుకు మొక్క ఒరిగిపోతుంది.