తాకకుండా నాడి చూచుట

నాడి చూచుట వైద్యశాస్త్రమంత ప్రాచీనమైన విద్య. ఆయుర్వేద వైద్యులు దానిని నాడి అన్నారు. యునానీ హకీములు నబ్జ్ అన్నారు. పేరేదైనా, రోగి మణికట్టుపై వ్రేళ్ళు ఆనించనిదే ఆ పరీక్ష సాగేది కాదు. నేడు రోగిని తాకకుండా, కొంత దూరంలో అమర్చిన కెమెరాతోనే నాడిని, శ్వాసను లెక్కించే ప్రయత్నాలు జరుగుతున్నవి. వీటి అవసరం అందరికంటె మిన్నగా ఉన్నది నెలలు నిండని శిశువులకు. ఆ సంగతిని విద్యార్థులకు వివరించదలచి మేము ఈ వ్యాసాన్ని వ్రాస్తున్నాము.

గర్భంలో 37 వారాలు నిండకముందే జన్మించినవారిని నెలలు నిండని శిశువులంటారు. 2020లో ప్రపంచమంతటా ఇట్టివారు సుమారు 1 కోటి 34 లక్షల మంది జన్మించగా, వారిలో దాదాపు 30 లక్షల మంది మన దేశంలోనే పుట్టినారు. మరీ ముందుగా పుట్టిన శిశువులో శ్వాసను నడిపే మెదడు భాగం పరిణతి చెంది ఉండదు. ఒక్కొక్కసారి 20 సెకన్లకు పైగా ఊపిరి ఆగిపోతుంది. అందువలన రాత్రింబవళ్ళు కనిపెట్టి ఉండవలసిందే. ఇందుకై రొమ్ముపై తీగల బిళ్ళలు అతికించి, పాదానికి ఆక్సిమీటరు కడతారు. కాని ఆ పసికందు చర్మం ఉల్లిపొరవలె పలుచనిది. అతికించిన పట్టీని తీసేటప్పుడు పైపొర లేచివచ్చి పుండు పడవచ్చును. ఆ పుండే రోగక్రిములకు ద్వారం కావచ్చును. రక్షణకై అమర్చిన సాధనమే గాయానికి కారణమగుట ఎంత విచారకరం!

కెమెరా ఈ పనిని ఎట్లు చేయగలదు? గుండె కొట్టుకొన్నప్పుడల్లా చర్మం క్రింది సన్నని నాళాలలోకి రక్తం కొంచెం ఎక్కువగా ప్రవహిస్తుంది. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకొంటుంది. కాబట్టి చర్మంపై నుండి తిరిగివచ్చే కాంతి ప్రతి స్పందనకూ కించిత్తు తగ్గి, మరల పెరుగుతుంది. ఈ మార్పు మన కంటికి అందదు. కెమెరా వరుసగా తీసిన చిత్రాలలో చర్మపు కాంతికి సగటు కట్టి, కంప్యూటరు ఆ లయను వెలికితీస్తుంది. రొమ్ము లేచి పడే కదలికను బట్టి శ్వాసను లెక్కిస్తుంది.

2008లో కాలిఫోర్నియాలో వెర్‌క్రూస్, స్వాసాండ్, నెల్సన్ అనే పరిశోధకులు మామూలు వెలుతురులో, సాధారణ కెమెరాతో నాడిని గుర్తించి చూపినారు. 2019లో ప్రచురితమైన ఆక్స్‌ఫర్డ్ పరిశోధనలో, అక్కడి జాన్ రాడ్‌క్లిఫ్ ఆసుపత్రిలోని 30 మంది నెలలు నిండని శిశువులను 400 గంటలకు పైగా చిత్రీకరించినారు. పోల్చదగిన కాలంలో 76 శాతానికి పైగా, కెమెరా లెక్కకూ యంత్రపు లెక్కకూ నడుమ సగటు తేడా నిమిషానికి 2.3 స్పందనలు మాత్రమే.

అయితే మిగిలిన కాలం మాటేమిటి? శిశువు కదిలినా, దుప్పటి కప్పినా, గది చీకటైనా, కామెర్లకు చికిత్సగా నీలికాంతి వేసినా కెమెరా తడబడుతుంది. ఊపిరి ఆగే క్షణం ఆ వేళలోనే రావచ్చును గదా! కనుక తీగలను ఇప్పుడే తీసివేయుట తగదు.

మరొక విషయం మనకు మరింత ముఖ్యం. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా కాంతిని పీల్చుకొంటుంది. చర్మం నల్లనైనకొలది కెమెరాకు అందే సంకేతం బలహీనమవుతుంది. కాంతిపైనే ఆధారపడే ఆక్సిమీటరు, రక్తంలో ప్రాణవాయువు తగ్గిన సంగతిని గుర్తించక పోవడం తెల్లవారిలోకంటె నల్లజాతి రోగులలో దాదాపు మూడు రెట్లు ఎక్కువని 2020లో అమెరికాలో వెల్లడైంది. అన్ని వన్నెల శిశువులపైనా పరీక్షించని సాధనం అందరికీ సమానంగా ఉపకరిస్తుందని నమ్ముట ఎట్లు?

1978లో కొలంబియాలోని బొగోటాలో డాక్టర్ ఎడ్గార్ రే ఇట్టి శిశువులను తల్లి రొమ్ముకు హత్తుకొని ఉంచే పద్ధతిని ప్రారంభించినారు. తీగలు తొలగిననాడు తల్లికి బిడ్డను ఎత్తుకొనుట సులభమవుతుంది. యంత్రం తాకడం మానినది తల్లి తాకడానికే అని మేము భావిస్తున్నాము. భౌతిక, జీవ, గణిత శాస్త్రాలు మూడూ కలిసిన ఈ విద్యను మన విద్యార్థులు అభ్యసించి, మన బిడ్డల మేనిఛాయకూ సరిపడునట్లు దానిని తీర్చిదిద్దవలసి ఉన్నది.