బూసాను రేవున ఒకటిన్నర దినము

కొరియాదేశమునకు దక్షిణపు కొసను, జపానునకు ఎదురుగా, సముద్రతీరమున బూసాను అను రేవుపట్టణము కలదు. దక్షిణకొరియాలో రాజధానియగు సియోలు తరువాత పెద్దపట్టణ మిదియే. ఇచ్చటి జనము 30 లక్షలకు పైబడియున్నారు. మనవారు కొరియాకు పోయినచో సియోలులోని రాజభవనములను, అంగళ్లను చూచుకొని మరలివచ్చుటయే వాడుక. నే నొక సంస్థ పనిమీద, ఓడసరకుల లెక్కలు పరిష్కరించుకొనుటకై, బూసానుకు పోవలసివచ్చినది. పని శుక్రవారము మధ్యాహ్నమునకు ముగిసినది. తిరుగు విమానము శనివారము రాత్రి. తోడివా రందరును ప్రసిద్ధమైన సముద్రపుటొడ్డునకును, పెద్దదుకాణములకును పోయిరి. నేను మాత్రము, విశాఖపట్టణమున పుట్టిపెరిగినదానను గనుక, కొండయు కడలియు కలిసిన యీ యూరి పాతభాగమును కాలినడకను చూడవలెనని బయలుదేరితిని.

సోదరీమణులారా, ఈ పట్టణపు చరిత్రమును కొంచెము చెప్పక తప్పదు. 1876వ సంవత్సరమున జపానువారి యొత్తిడివలన ఈ రేవు విదేశవర్తకమునకు తెరువబడినది. 1910 మొదలు 1945 వరకు కొరియా యంతయు జపాను పాలనమున నుండెను. 1945 ఆగస్టు 15వ తేదీన వారికి విముక్తి కలిగినది. అదే తేదీ రెండేండ్లకు మనకును పండుగదినమైనది. కాని వారి సంతోషము నిలువలేదు. దేశము రెండుగా చీలినది. 1950 జూను 25వ తేదీన ఉత్తరపుసేనలు దక్షిణమునకు దిగినవి. మూడు దినములలో సియోలు పోయినది. ప్రభుత్వము తరలి తరలి బూసానుకు చేరినది. నడుమ కొలదికాలము తప్ప 1953 వరకు ఈ పట్టణమే తాత్కాలిక రాజధానిగా నుండెను. దానివెంట లక్షలకొలది కాందిశీకులు, బిడ్డను వీపున గట్టుకొని, మూటను నెత్తిన బెట్టుకొని, ఈ రేవునకు వచ్చి పడిరి. ఇంతకు దక్షిణమునకు పోదమన్న సముద్రమే.

వారిలో కొందరు వచ్చిన విధము వినదగినది. 1950 డిసెంబరులో ఉత్తరమున హుంగ్నాము రేవునుండి మెరెడిత్ విక్టరీ యను అమెరికా సరకుల ఓడ యొకటి 14,000 మందిని ఎక్కించుకొని వచ్చినది. ఆ యోడలో ప్రయాణికులకు ఏర్పాటైన చోటు 12 మందికే. తిండిలేదు, వెచ్చదనము లేదు, వైద్యుడు లేడు. ఆ చీకటిగదులలో, ఆ చలిలో, అయిదుగురు స్త్రీలు ప్రసవించిరి. అయిదుగురు బిడ్డలును బ్రదికిరి. బూసాను అప్పటికే నిండిపోయినదని, ఓడను ప్రక్కనున్న కోజె ద్వీపమునకు పంపిరి. ఆ ప్రసవములకు తోడుపడిన చేతులు తోటిప్రయాణికురాండ్రవే యై యుండును గదా!

మొదట నేను పోయినది జగాల్చి యను చేపల యంగడికి. చేపలు తినని నేను అచ్చట కేల పోవలెనని తోడివారు నవ్విరి. నేను పోయినది చేపలకొరకు కాదు, వానిని అమ్మెడి స్త్రీలకొరకు. జగాల్చి యంగడి యనగా స్త్రీల యంగడి. యుద్ధమున మగవారు పోయి, లేదా తప్పిపోయి, బిడ్డలతో మిగిలిన యాడువారు నీటియొడ్డున రాళ్లమీద గంపలు పెట్టుకొని చేపలమ్మి సంసారములు నడిపిరి. వారిని ‘జగాల్చి అజిమె’ లందురు. అజిమె యన్న నడివయసు గృహిణి, మన ‘పిన్నిగారు’ వంటి పిలుపు. 2006లో ఒడ్డున ఏడంతస్తుల గొప్పభవన మొకటి కట్టిరి. క్రింద నీటితొట్లలో బ్రదికియున్న చేపలు, మీద భోజనశాలలు. అయినను భవనమునకు వెలుపల, వీథి పొడుగునను, వెనుకటివలెనే గొడుగులక్రింద గంపలు పెట్టుకొని కూర్చుండిన ముసలమ్మలు నాకు కనబడిరి. మోకాళ్లవరకు రబ్బరు జోళ్లు, చేతులకు ఎఱ్ఱని తొడుగులు, తలకు గుడ్డ, గొంతు మాత్రము కంచు. “ఒయిసొ, బొయిసొ, సయిసొ” అని కేకవేయుదురు. రండి, చూడండి, కొనండి యని యర్థము. అది బూసాను మాండలికము. సియోలువారు దానిని మోటు భాష యని నవ్వుదురట. మన విశాఖ చేపలరేవున ఉదయము పాటపాడు నమ్మల నెఱిగిన నాకు ఆ కేక పరాయిదిగా తోచలేదు.

ఒక వృద్ధురాలి గంపవద్ద నిలిచి నమస్కరించితిని. ఆమె నా చీరకొంగును వ్రేళ్లతో తడిమి, నవ్వి, ఏదో యడిగినది. ప్రక్కన నిలుచున్న కళాశాల బాలిక యొకతె ఇంగ్లీషులో చెప్పినది: “ఇది పొడుగెంత అని అడుగుచున్నది.” ఆరుగజములని చెప్పితిని. అంతగుడ్డ కట్టుకొని చేపలు కోయుటెట్లని ఆమె మరల అడిగినది. గోచి పెట్టి కట్టుకొన్నచో కోయవచ్చునని నేను చూపించితిని. చుట్టునున్న గంపలవా రందరును నవ్వుట మొదలుపెట్టిరి.

ఆ యంగడినుండి నాలుగడుగులు నడచినచో యంగ్డో ద్వీపమునకు పోవు వంతెన. 1934లో కట్టబడినది. ఓడలు పోవుటకై దీని యొకభాగము పైకి లేచును. 1966లో ఎత్తుట మానిరి. 2013లో పునర్నిర్మించి మరల ఎత్తుట మొదలిడిరి. యుద్ధకాలమున, త్రోవలో విడిపోవు కుటుంబములవారు “బూసానులో యంగ్డో వంతెనకడ కలిసికొందము” అని చెప్పుకొని విడిపోయెడివారు. ఏల యన, ఉత్తరమునుండి వచ్చినవారికి బూసానులో పేరు తెలిసినది ఈ యొక్క వంతెనయే. స్త్రీలు దినదినమును ఇచ్చటకు వచ్చి వచ్చుపోవు ముఖములను చూచుచుండిరి. వంతెనక్రింద సోదె చెప్పువారు బారులుగా కూర్చుండెడివారు. ‘నా భర్త బ్రదికియున్నాడా? ఏ దిక్కున నున్నాడు?’ ఇదియే యడుగవలసిన ప్రశ్న. ఎందరు కలిసికొనిరో లెక్కలేదు. 1983లో కొరియా ప్రభుత్వప్రసారసంస్థవారు తప్పిపోయినవారిని కలుపుటకు దూరదర్శనమున నొక కార్యక్రమము పెట్టగా అది 138 దినములు సాగినది. లక్షకుపైగా కుటుంబములు తమవారికొరకు దరఖాస్తు పెట్టినవి. పదివేలకు పైగా కుటుంబములు కలిసినవి. అనగా యుద్ధమాగిన ముప్పదియేండ్లకును ఒకే దేశమున ఒకరి జాడ యొకరికి తెలియక బ్రదికిరన్నమాట.

వంతెన దాటినంతనే ఓడలు బాగుచేయు వాడ. దీనికి ‘కాంగ్‌కాంగీ’ యని పేరు. అది సుత్తెచప్పుడు. ఓడకు మరల రంగువేయుటకు ముందు, దాని యడుగున బట్టిన త్రుప్పును, నత్తగుల్లలను సుత్తెతో కొట్టి రాల్చవలెను. ఆ పని చేసినవారు స్త్రీలు. ఎత్తైన ఓడప్రక్కను త్రాటికి వ్రేలాడగట్టిన పలకమీద కూర్చుండి, ప్రొద్దుననుండి సాయంకాలమువరకు ఇనుముమీద ఇనుముతో కొట్టుటయే. ఆ కూలితో బిడ్డలను చదివించిరి. చెవులు పోగొట్టుకొనిరి. ఇప్పుడా వాడలో గోడలమీద చక్కని చిత్రములు వేసినారు. వానిలో ఒక యింటిగోడ నిండ నొక ముసలమ్మ ముఖము కలదు. చిత్రకారుని నేర్పును మెచ్చుకొంటినే కాని, ఆ ముఖము కలవారికి చెవులవైద్యము ఎవరు చేయించిరో యని మనసు పీకినది. పెద్ద ఓడలను, పెద్ద కంపెనీలను గూర్చి వ్రాయు పుస్తకములలో కొరియా యెట్లు ధనికదేశమైనదో చెప్పుదురు. ఈ సుత్తెలను గూర్చి యొక పుటయైన వ్రాయవలసియున్నది.

యంగ్డోలోనే హేన్యొ లను స్త్రీలును కలరు. హేన్యొ యనగా సముద్రపు స్త్రీ. వీరు చెజు ద్వీపమునుండి వచ్చి స్థిరపడినవారు. ప్రాణవాయువు యంత్ర మేదియు లేక, ఊపిరి బిగబట్టి, పది మీటర్ల లోతువరకు మునిగి నత్తలను, సముద్రపు నాచును తెచ్చుచుందురు. పైకి వచ్చి విడుచు ఊపిరి ఈలవలె వినబడును. వీరిలో పెక్కండ్రు అరువది డెబ్బది యేండ్లు దాటినవారు. కూతుళ్లు ఈ పనికి దిగుటలేదు. దిగవలెనని కోరుటకును మనకు నోరు రాదు.

చీకటిపడగా ఆకలి వేసినది. శాకాహారులకు బూసాను కొంత కఠినమే. కిమ్చి యను ఊరగాయను చూచి మన పచ్చడివంటిదే కదా యని మురిసిపోరాదు. క్యాబేజీ, ఉప్పు, కారము, వెల్లుల్లి, అల్లము — ఇంతవరకు మనదే. కాని చేపరసమో, ఉప్పురొయ్యలో అందు కలుపుదురు. బౌద్ధమఠములలో చేయు కిమ్చిలో అవి యుండవు, వెల్లుల్లియు నుండదు. శీతకాలమునకు ముందు ఇంటింటను, ఇరుగుపొరుగు స్త్రీలు కలిసి, చలికాలము గడచుటకు సరిపడ కిమ్చి పెట్టుకొందురు. మనము వేసవిలో ఆవకాయ పెట్టునట్లే జాడీలు కడుగుట, ఎండబెట్టుట, ‘నీది ఉప్పు హెచ్చు, నాది తక్కువ’ యని వాదించుట. ఆ యాచారమును 2013లో యునెస్కోవారు మానవజాతి వారసత్వముల పట్టికలో చేర్చిరి. మన ఆవకాయదినములను ఎవరును ఎందును చేర్చలేదు!

నాకు దొరికినది హొత్తొక్. మెత్తని పిండిముద్దలో బెల్లపురంగు చక్కెర పెట్టి, పెనముమీద నూనెలో అదిమి కాల్చి, నడుమ కోసి పొద్దుతిరుగుడు, గుమ్మడి గింజలు కూరుదురు. అచ్చముగా బొబ్బట్టునకు సవతిచెల్లెలు. బండివద్ద నున్న యామెను అందరును ‘ఇమో’ యని పిలుచుచుండిరి. ఇమో యనగా తల్లికి అక్కగాని, చెల్లెలుగాని. అన్నము పెట్టు పరాయి స్త్రీని పిన్ని యని పిలుచుట చూచి నాకు ఇల్లు జ్ఞప్తికి వచ్చినది. ఇక తల్లిని వారు ‘ఒమ్మా’ యందురు, తండ్రిని ‘అప్పా’ యందురు. దీనిపై భాషాపండితులు ఏమందురో గాని, రైలులో బిడ్డ యేడ్చి ‘ఒమ్మా’ యన్నప్పుడు నేను వెనుదిరిగి చూచితిని.

శనివారము తెల్లవారుచుండగా ఆమిడోంగు కొండకు ఎక్కితిని. ప్రక్కనున్న గామ్‌చొను గ్రామము రంగురంగుల యిండ్లతో యాత్రికుల సందడిగా నుండును. 2009 మొదలు అచ్చట చిత్రములు, బొమ్మలు పెట్టి దానిని ప్రసిద్ధము చేసిరి. ఒక యిల్లు వేరొక యింటికి వెలుతురు కప్పకుండ మెట్లుమెట్లుగా కట్టుకొన్న పద్ధతి మెచ్చదగినదే. కాని నాకు ఆమిడోంగే ఎక్కువ చూడదగినదిగా తోచినది. అది యొకప్పుడు జపానువారి శ్మశానము. కాందిశీకులకు నిలువ నీడ లేక, సమాధులమీదనే గుడిసెలు వేసికొనిరి. సమాధిశిలలే పునాదులు, అవే మెట్లు, అవే గుమ్మపురాళ్లు. నేటికిని ఒక యింటి గోడక్రింద చనిపోయినవాని పేరు చెక్కిన రాయి కనబడును. దానిమీదుగా ఒక అవ్వ ఆరవేసిన తెల్లగుడ్డలు గాలికి ఊగుచుండెను. దయ్యములకు భయపడలేదా యని మన మడుగుదుము. బిడ్డకు చలివేయుచుండగా తల్లికి దయ్యమేమి?

ఆ సందులలో నాకు కనబడినవా రందరును వృద్ధులే. బూసానులో ప్రతి అయిదుగురిలో నొకరికి మించి 65 యేండ్లు దాటినవారని 2021లోనే లెక్క తేలినది. 2023లో దేశమంతట సగటున స్త్రీకి 0.72 బిడ్డలు మాత్రమే. ఆ యేట ఇంత తక్కువ మరి యే దేశమునను లేకుండెను. భూగర్భపు రైలులో గర్భిణులకు గులాబిరంగు పీటలు వేరుగా నుంచినారు. గర్భిణి దగ్గరకు రాగానే వెలుగు దీపమును కొన్నిటికి అమర్చినారు. దీపము మంచిదే. కాని ఉద్యోగము, ఇల్లు, బిడ్డ — మూడును ఒక్క స్త్రీయే మోయవలసిన చోట దీపము వెలిగినంతమాత్రమున బిడ్డను కనుటకు ఎవరు సాహసింతురు?

తరువాత ఐక్యరాజ్యసమితి వీరుల శ్మశానవాటికకు పోయితిని. ఇది 1951లో ఏర్పడినది. 2,300 మందికి పైగా పరదేశ సైనికు లిచ్చట పూడ్చబడియున్నారు. నడుమ నొక సన్నని కాలువకు, 17 యేండ్లకే మరణించిన ఆస్ట్రేలియా బాలసైనికుని పేరు పెట్టిరి. ఒక సమాధిలో ఆస్ట్రేలియా దంపతులు కలిసియున్నారు. 1950లో వారికి వివాహమైనది. ఆ యేడే అక్టోబరులో భర్త యుద్ధమున చనిపోయెను. ఆమె మరల వివాహమాడక 2008 వరకు జీవించి, తన కోరిక ప్రకారము 2010లో ఆయనకడకే చేర్చబడినది. మనదేశము యుద్ధము చేయుటకు సేన నంపలేదు. గాయపడినవారికి వైద్యము చేయుటకై కర్నలు రంగరాజుగారి నాయకత్వమున 60వ పారాషూటు వైద్యదళము నంపినది. వారు 1950 నవంబరులో ఈ బూసాను రేవుననే దిగిరి.

చివరకు, విమానాశ్రయమునకు పోవు చిన్నరైలులోనే ఇంకను ముందునకు, గిమ్హె యను ఊరికి పోయితిని. అచ్చట సూరో రాజు సమాధియు, కొంచెము దూరమున ఆయన రాణి హొ హ్వాంగోక్ సమాధియు కలవు. ఆమె ‘అయుత’ దేశపు రాజపుత్రి యనియు, క్రీ. శ. 48లో ఓడమీద వచ్చి రాజును వరించినదనియు 13వ శతాబ్దమున బౌద్ధభిక్షువు వ్రాసిన సమ్‌గుక్ యూస అను గ్రంథమున నున్నది. అయుత మన యయోధ్యయే యని పలువురి నమ్మకము. 2001లో అయోధ్యలో ఆమెకు స్మారకచిహ్నమును నిలిపిరి. చరిత్రకారులలో దీనిని ఒప్పనివారును కలరు. రాజు సమాధి ద్వారముపై ఎదురెదురుగా రెండు చేపల చిత్రము కలదు. దానిని మనదేశపు గుర్తని చెప్పుదురు.

నాకు ఆ చేపలకంటె ఇంకొకమాట ఎక్కువ రుచించినది. ఆ దంపతులకు పదిమంది కుమారులట. వారిలో ఇద్దరికి తల్లి తన యింటిపేరు పెట్టుమని కోరగా రాజు ఒప్పుకొనెనట. గిమ్హె హొ వంశమువారు తాము ఆ యిద్దరి సంతతివారమని నేటికిని చెప్పుకొందురు. కొరియాలో వివాహమైనను స్త్రీ తన యింటిపేరు మార్చుకొనదు. కాని బిడ్డలకు తండ్రిపేరే, ఇంటికి యజమానుడు పురుషుడే యను చట్టము చాలకాలము సాగినది. స్త్రీలు దశాబ్దముల తరబడి పోరాడగా 2005లో దానిని కొట్టివేసిరి. 2008 జనవరి 1 మొదలు, వివాహసమయమున దంపతులు ఒప్పుకొన్నచో, బిడ్డకు తల్లి యింటిపేరు పెట్టుకొనవచ్చును. రాణి సమాధివద్ద గడ్డి కోయుచున్న పనివారు తప్ప ఆ వేళ మరెవ్వరును లేరు. నేను చెప్పులు విడిచి, నమస్కరించి, విమానమునకు వేళ యగుచుండగా మెట్లు దిగితిని.