లేజరు చికిత్సకు వెళ్లే ముందు

మా మేనకోడలి పెళ్లి ఇంకా ఐదు వారాలున్నదనగా, ఒక సాయంకాలం ఆ పిల్ల మా యింటికి వచ్చి వంటింటి గడప దగ్గర కూర్చున్నది. "అత్తా! ఒక మాట అడుగుతాను, అమ్మతో చెప్పవు గదా!" అన్నది. పెళ్లిచూపులకు వచ్చినవారిలో ఒకావిడ దాని గడ్డం మీది వెంట్రుకలు చూసి ఏదో అన్నదట. ఆ మాట మనసులో గుచ్చుకొని, పిల్ల ఒక బ్యూటీ పార్లరుకు వెళ్లి విచారించింది. "లేజరుతో ఆరు విడతలు చాలు, ఈ జన్మలో మళ్లీ మొలవవు" అని అక్కడివారు చెప్పారట.

ఆ మాటలో నిజమెంత, పొగడ్త ఎంత అన్నది ఆడపిల్లలున్న ప్రతి యింటివారూ తెలుసుకొనదగినది. అందుకే ఈ నాలుగు మాటలు.

మనం ఏ రాష్ట్రంలో స్థిరపడినా సున్నిపిండి నలుగూ, ముఖానికి పసుపూ మన వెంట వచ్చినవి. వాటితో రుద్దితే పైనున్న నూగు కొంత రాలవచ్చును గాని, ఆ పని కుదురు దాకా పోదు. దారంతో లాగించుకొన్నా, మైనంతో తీయించుకొన్నా వెంట్రుక ఊడివస్తుంది, కుదురు మిగిలి మళ్లీ మొలిపిస్తుంది. లేజరు చేసే ప్రయత్నం ఆ కుదురును దెబ్బతీయడమే.

మొట్టమొదటి లేజరును 1960లో అమెరికాలో థియోడర్ మైమన్ అనే శాస్త్రజ్ఞుడు కెంపు కడ్డీతో వెలిగించాడు. చుట్టుపక్కల చర్మం చెడకుండా, ఒక్క రంగును మాత్రమే ఎంచుకొని వేడెక్కించే సూత్రాన్ని 1983లో ఆండర్సన్, పారిష్ అనే వైద్యులు వివరించారు. వెంట్రుకను నల్లగా ఉంచే మెలనిన్ అనే పదార్థం ఆ వెలుతురును పీల్చుకొని వేడెక్కుతుంది. ఆ వేడి కుదురుకు తగులుతుంది. కాబట్టి ముదురు నల్లని వెంట్రుకకు గుణం బాగా కనబడుతుంది, నెరసిన వెంట్రుకకు కనబడదు.

ఇక్కడే మనవంటి ఛాయవారికి ఒక చిక్కున్నది. మన చర్మంలోనూ అదే మెలనిన్ గదా! వెలుతురు సరియైనది కాకపోతే వెంట్రుకతోపాటు చర్మమూ కాలుతుంది. బొబ్బలు, నల్ల మచ్చలు, తెల్ల మచ్చలు పడవచ్చును. 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైటు లేజరు తెల్లని చర్మానికి తగినది. 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజరు లోతుకు పోతుంది, పైచర్మం దానిని తక్కువగా పీల్చుకొంటుంది. అందువల్ల నల్లనివారికి అది క్షేమం. ఈ రెంటికీ నడుమ 800, 810 ప్రాంతపు డయోడు లేజరును చామనఛాయవారికి జాగ్రత్తగా వాడుతారు. కనుక చర్మవైద్యుని దగ్గరకే వెళ్లి, "మీ యంత్రం ఏ రకం? నా ఛాయవారికి చేసిన అనుభవం ఉన్నదా? ముందు ఒక చిన్న చోట చేసి చూస్తారా?" అని మొగమాటం లేకుండా అడగాలి.

విడతలెందుకంటారా? మన వెంట్రుకలన్నీ ఒకేసారి పెరగవు. కొన్ని ఎదుగుతుంటే కొన్ని విశ్రాంతిలో ఉంటవి. ఎదిగే దశలో ఉన్నవాటికే లేజరు దెబ్బ బాగా తగులుతుంది. అందుచేత నాలుగు మొదలు ఎనిమిది వారాల ఎడంతో, సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది విడతలు పడుతుంది. అనగా ఇది ఐదు వారాలలో ముగిసే పని కానే కాదు. పైగా "శాశ్వతంగా పోతవి" అనడం సరికాదు. అమెరికా ప్రభుత్వపు మందుల పర్యవేక్షణ సంస్థ ఈ యంత్రాలకు ఒప్పుకొన్న మాట "శాశ్వత తగ్గింపు" మాత్రమే. మిగిలినవి సన్నబడి, పలచబడి వస్తవి. ఏడాదికొకటి రెండు సార్లు మళ్లీ చేయించుకోవలసి రావచ్చును.

చికిత్సకు నాలుగైదు వారాల ముందునుంచి దారం, మైనం మానాలి. కుదురులో వెంట్రుక లేకపోతే వెలుతురు పీల్చుకొనేదేమున్నది? ముందురోజు బ్లేడుతో గీయడం మాత్రం మంచిదే. ఎండలో తిరగరాదు. గర్భవతులు వాయిదా వేసుకోవడం మేలు. వాడుతున్న మందులన్నీ, ముఖ్యంగా మొటిమలకు మింగే మాత్రలు, డాక్టరుకు చెప్పాలి.

చేసేటప్పుడు కళ్లకు అద్దాలు పెడతారు. రబ్బరు బ్యాండు లాగి వదిలినట్లు చురుక్కుమంటుంది, కాలిన వెంట్రుకల వాసన వస్తుంది. తరువాత కొన్ని గంటలు, ఒక్కొక్కప్పుడు రెండు రోజులు, ఎర్రబారి చిన్న చిన్న పొక్కుల్లాగ ఉబ్బవచ్చును. చల్లని నీటిలో తడిపిన గుడ్డ వేస్తే హాయిగా ఉంటుంది. ఒకటి రెండు వారాలలో వెంట్రుకలు రాలుతవి. బొబ్బలెక్కితే మాత్రం వెంటనే డాక్టరుకు చూపాలి.

ఒక హెచ్చరిక. నొప్పి తెలియకుండా రాసే మందును సొంతంగా కొని ఒళ్లంతా పూసుకోకండి. అమెరికాలో లేజరుకు ముందు కాళ్లకు అటువంటి మందు దట్టంగా పూసి, పైన ప్లాస్టిక్కు చుట్టుకొన్న ఇద్దరు యువతులు మరణించారు. అక్కడి ప్రభుత్వ సంస్థ 2007లో ఈ విషయమై ప్రజలను హెచ్చరించింది.

అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉన్నది. అసలు ఆ వెంట్రుకలు ఎందుకు వస్తున్నవి? వంశాన్నిబట్టి రావచ్చును. గడ్డం, పై పెదవి, రొమ్ము మీద ముదురు వెంట్రుకలు వస్తూ, నెలసరి తప్పుతూ ఉంటే మాత్రం అండాశయాలకు సంబంధించిన పీసీఓఎస్ ఉన్నదేమో చూపించుకోవాలి. లోపలి కారణం అలాగే ఉంటే పైన ఎన్ని విడతలు చేయించినా కొత్తవి వస్తూనే ఉంటవి. ఇటువంటివారిలో ఒక్కొక్కరికి లేజరు తరువాత ముఖం మీద వెంట్రుకలు పెరగడమూ కలదు. హఠాత్తుగా వెంట్రుకలు దట్టమై, గొంతు మారితే ఒక్క రోజైనా ఆలస్యం కూడదు.

మా పిల్లను ఆ మాటే అడిగాను. రెండేసి మూడేసి నెలలు తప్పుతున్నదట, సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. మర్నాడు నేనే దాని చేత తల్లికి చెప్పించాను. మా వదినగారు కాసేపు మాట్లాడక, "నాకూ ఆ వయసులో ఇంతేనమ్మా. నేనూ ఎవరికీ చెప్పుకోలేదు" అన్నది. ముగ్గురమూ కలిసి డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాము. ఆమె పరీక్షలు చేయించి, పీసీఓఎస్ అని తేల్చి మందులిచ్చింది. పెళ్లినాటికి దారంతోనే సరిపెట్టుకొన్నాము. లేజరు పెళ్లయిన తరువాత మొదలుపెట్టింది. ఇప్పటికి నాలుగు విడతలయినవి. వెంట్రుకలు పలచబడ్డవి, పూర్తిగా పోలేదు. పిల్ల మాత్రం గడ్డానికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా మాట్లాడుతున్నది.

చేయించుకోవడమా, మానడమా అన్నది ఎవరి ఇష్టం వారిది. ముఖాన నాలుగు వెంట్రుకలున్నంత మాత్రాన ఏ పిల్లా తక్కువది కాదు. పరాయివారి మాటకు నొచ్చుకొని మన పిల్లలు దొంగచాటుగా పార్లరుకు పరుగెత్తే లోపల, ఇంట్లో పెద్దవాళ్లమే దగ్గర కూర్చోబెట్టుకొని అడుగుదాము.